పెన్సిల్ తాళం

డాంకాస్టర్‌లో గుర్రప్పందేల మైదానం పక్కన
పొడవాటి రేకుల హాలు.
శనివారం తొమ్మిదింటికి తలుపులు తీస్తారు.
ఎనిమిదిన్నరకే ఇనపతీగ చుట్టేశాను
గాజుపెట్టెకీ, బల్లకోడుకీ, నా కుర్చీకీ.
"నీ కాలికి కూడా కట్టుకో" అంది మైరీడ్
ఫ్లాస్కు మూత తిప్పుతూ.

పదకొండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే బల్ల.
ఆమెవి యుద్ధం కామిక్సు, నావి సముద్రం కామిక్సు,
చిల్లర డబ్బా ఒకటే.
మా సూత్రాలు మోటువి.
ఖరీదైనవి చెయ్యి చాపితే అందకూడదు.
ఒక మనిషికి ఒకసారి ఒక్క పుస్తకమే.
పెద్ద సంచీవాణ్ణి పేరు పెట్టి పలకరించు,
పేరు చెప్పినచోట కొట్టెయ్యడానికి చెయ్యి రాదు.
ఇద్దరొచ్చి ఒకడు బేరమాడుతుంటే
రెండోవాడి వేళ్ళు చూడు.

'సముద్రపు నక్క', మూడో సంచిక.
పందొమ్మిదివందల అరవై ఒకటి. ఆరు పెన్నీలు.
ఇవాళ్టి ధర చెప్తే
మా అక్క ఫోన్ పెట్టేస్తుంది.
అట్టమీది ఎరుపు ఇంకా గుంటూరు మిరపపండే.
లోపం ఒక్కటి: చివరి పేజీ అడుగున
పెన్సిల్‌తో, వంకర అక్షరాల్లో,
"ఇది క్లిఫర్డ్ ఆడ్‌షెడ్‌ది. ముట్టుకున్నావో, చచ్చావే!"
ఆ ఒక్క ముక్కకి సగం ధర పోయింది.
"రబ్బరుతో మెల్లగా తుడిచెయ్యండి, ఎవరు చూడొచ్చారు"
అని కొనేవాళ్ళే చెప్పారు.
ఒక రాత్రి రబ్బరు పట్టుకుని కూర్చున్నాను కూడా.
'చచ్చావే' దగ్గర పెన్సిల్ ముల్లు విరిగినట్టుంది,
కాగితం గీరుకుపోయింది.
అంత కోపాన్ని తుడవబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి
చేపతోక వేషంలో ఓ పాప
తన తోక తనే తొక్కుకుని మా ముందు పడింది.
ఇద్దరం లేచాం. మోకాలు ఊదాం, బిస్కెట్ ఇచ్చాం.
తిరిగి చూస్తే
తీగ ఉంది. తాళం ఉంది. గాజుపెట్టె ఉంది.
వెనక మడతబందుల స్క్రూలు
ఎప్పుడు ఊడాయో లేవు.
పదకొండేళ్ళు కళ్ళలో వత్తులేసుకుని
తాళంవైపే చూశాను.

ఏడవలేదు. ఆ పాప తల్లిని అనుమానించాను,
అది ఇంకా నోట్లో చేదుగానే ఉంది.
మైరీడ్ అరవలేదు, తిట్టలేదు,
టీ కప్పు పట్టుకుని బల్లబల్లకీ తిరిగింది:
"మూడో సంచిక వస్తే చివరి పేజీ చూడు."

ఆదివారం నాలుగింటికి పెట్టెలు సర్దుతుంటే
హాలు ఆ చివర నుంచి ఎమ్లిన్ చెయ్యెత్తాడు.
అతని ముందు గళ్ళచొక్కా కుర్రాడు.
"మా తాతదండీ, ఆయన పోయాక అటకమీద దొరికింది."
ఎమ్లిన్‌కి దేనికీ తొందర లేదు.
కళ్ళజోడు తుడిచాడు, పెట్టుకున్నాడు.
"పాపం. మీ తాత పేరేమిటి బాబూ?"
తేలుకుట్టిన దొంగలా ఒక గుటక.
"జార్జ్."
"జార్జ్ ఏమిటి?"
చివరి పేజీ తిప్పి అతనివైపు జరిపాడు.

నేను చేరేసరికి కుర్రాడు లేడు.
పుస్తకం ఉంది. అట్ట మూల మడతపడింది,
ఇంకో ఎనభై పౌండ్లు గాలికి.

తిరుగుదారిలో మైరీడ్ కారు నడుపుతుంటే
దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
బయట వాన, లారీల ఎర్రదీపాలు.
ఎవరిమీద రాశాడో ఆ మాట.
ఒకే మంచం పంచుకునే తమ్ముడి మీదా?
బడిలో మోచేత్తో పొడిచేవాడి మీదా?
బతికుంటే ఇప్పుడు డెబ్బై దాటుంటాడు.
ఏ రోజున ఎవరికిచ్చేశాడో,
లేక ఎవరైనా కొట్టేశారో
నా దాకా వచ్చిన దారిలో.
ఆ మాట నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు.

"నిద్రపోయావా?" అంది మైరీడ్.
లేదన్నాను.
రేపు స్క్రూలు కొనాలి,
బిగించడమే తప్ప విప్పడం రాని రకం.
ఆ షాపు సోమవారం పదింటికి గానీ తియ్యరు.